ఆర్‌ఓవీలు సరే, సముద్రం అడుగు పటం ఏదీ?

సంపాదకులకు నమస్కారం.

2025 జులైలో రెండు వారాల తేడాతో రెండు మంచి వార్తలు వచ్చాయి. రక్షణ కొనుగోళ్ల మండలి 3న ప్రాథమిక ఆమోదం తెలిపిన సుమారు 1.05 లక్షల కోట్ల రూపాయల జాబితాలో సముద్రపు మైన్లను, అంటే ఓడలను పేల్చడానికి నీళ్లలో పెట్టే బాంబులను, వెతికి నాశనం చేసే నౌకలు ఉన్నాయి. మన హిందుస్థాన్ షిప్‌యార్డు కట్టిన ఐఎన్‌ఎస్ నిస్తార్ 18న విశాఖలోనే నౌకాదళంలో చేరింది. వెయ్యి మీటర్ల లోతు వరకూ దిగే ఆర్‌ఓవీలు, అంటే ఓడ మీద కూర్చుని తీగ ద్వారా నడిపే యంత్రాలు, దాని మీద ఉన్నాయి. అదే ఏడాది నవంబరులో విశాఖలోని రక్షణ పరిశోధన ప్రయోగశాల ఎన్‌ఎస్‌టీఎల్, మనుషులు మోసుకెళ్లి నీళ్లలో వదలగలిగే మైన్ వేట వాహనాలను తయారుచేసినట్టు ప్రకటించింది. వార్తల్లో ఈ మూడింటినీ ఒకే గాటన కట్టేశారు. దాంతో అడగాల్సిన ప్రశ్న మరుగున పడింది. ఈ యంత్రాలు దిగాల్సిన చోట, అంటే విశాఖ, కాకినాడ, కృష్ణపట్నం రేవుల ముంగిట, సముద్రం అడుగున ఇప్పటికే ఏమేం పడి ఉన్నాయో ఎవరైనా లెక్క రాసి పెట్టారా?

ఇది ఎందుకు ముఖ్యమో తెలియాలంటే మైన్ వేట ఎలా సాగుతుందో చూడాలి. పాత కాలపు మైను గొలుసుకు వేలాడుతూ ఓడ తగిలితే పేలేది. దాని గొలుసు కోసేస్తే పైకి తేలేది, తుపాకీతో కాల్చేసేవారు. ఇప్పటి మైను అడుగున పడుకుని ఉంటుంది. ఓడ ఇనుము వల్ల కలిగే అయస్కాంత మార్పు, ఇంజను చప్పుడు, ఓడ మీదుగా పోతున్నప్పుడు నీటి ఒత్తిడిలో వచ్చే తేడా, ఇవన్నీ కలిపి చూసుకుని పేలుతుంది. మొదటి మూడు ఓడలను పోనిచ్చి నాలుగోదాన్ని పట్టుకోమని కూడా దానికి చెప్పి పెట్టవచ్చు. కాబట్టి ఒక ఓడ క్షేమంగా దాటిందంటే దారి శుభ్రంగా ఉందని కాదు. 1991 ఫిబ్రవరి 18న కువైట్ దగ్గర అమెరికా నౌకలు ట్రిపోలీ, ప్రిన్స్‌టన్ కొన్ని గంటల తేడాలో దెబ్బతిన్నాయి. ట్రిపోలీకి తగిలింది గొలుసు మైను, ప్రిన్స్‌టన్ కింద పేలింది అడుగు మైను. ఈ రకం అడుగు మైనును మన ఎన్‌ఎస్‌టీఎల్ కూడా తయారుచేసి 2025 మేలో పరీక్షించింది. మనం చేయగలిగింది ఎదుటివాడూ చేయగలడు.

అలాంటిదాన్ని ఈడ్చి తీయలేం. ఒక్కొక్కటిగా వెతికి, చూసి, పేల్చాలి. మొదట సైడ్‌స్కాన్ సోనార్‌తో, అంటే పక్కలకు శబ్దం పంపి ప్రతిధ్వనితో చిత్రం గీసే పరికరంతో, అడుగును జల్లెడ పట్టాలి. తెరమీద మీటరో రెండు మీటర్లో ఉన్న వస్తువు తెల్లని మచ్చలా, దాని వెనక నల్లని నీడలా కనిపిస్తుంది. నీడ పొడవును బట్టి వస్తువు ఎత్తు తెలుస్తుంది, ఆకారాన్ని బట్టి అది డ్రమ్మా, బండరాయా, మైనా అన్నది ఊహించవచ్చు. ఆ ఊహను రూఢి చేసుకోవడానికే కెమెరా, సోనార్ ఉన్న ఆర్‌ఓవీని పంపేది. మైనే అయితే పక్కన మందుగుండు పెట్టి వెనక్కి రావాలి, లేదా ఆ యంత్రమే మైనుతోపాటు పేలిపోవాలి. మొదటి పద్ధతికి పేరుపడ్డది ఫ్రాన్స్ తయారీ పాప్ 104. అది సుమారు 100 కిలోల మందుగుండు మోసుకెళ్లి మైను పక్కన వదిలి వస్తుంది. రెండోదానికి ఉదాహరణ జర్మనీ సీఫాక్స్. 43 కిలోల బరువు, ముక్కులో కిలోన్నరకు కాస్త తక్కువ మందుగుండు, వెనక సన్నని ఫైబర్ తీగ.

ఇప్పుడు లెక్క చూడండి. పది నాటికల్ మైళ్ల పొడవు, ఒక మైలు వెడల్పు ఉన్న ఒక్క ఓడదారిని తీసుకుందాం. సోనార్ ఒక్కసారికి 100 మీటర్ల పట్టీని నమ్మకంగా చూపిస్తుందనుకుంటే, 19 సార్లు పైకీ కిందికీ తిరగాలి. నాలుగు నాట్ల వేగంతో, అంటే గంటకు నాలుగు నాటికల్ మైళ్లతో, సుమారు 48 గంటలు. సోనార్‌కు సరిగ్గా కింద ఉండే చోటు దానికి కనపడదు కాబట్టి పట్టీలు ఒకదానిమీద ఒకటి పడేలా తిరగాలి. అలా అయితే రెట్టింపు, అంటే నాలుగు రోజులు. ఇదంతా అయ్యాక తెరమీద వంద అనుమానాలు మిగిలాయనుకోండి. ఒక్కో అనుమానం దగ్గరికి ఆర్‌ఓవీని దింపి, చూసి, పైకి తీయడానికి గంట పట్టినా మరో వంద గంటలు. ఈలోగా రేవు మూసి ఉంటుంది. విశాఖలో రిఫైనరీ ఉంది, భూగర్భంలో 13.3 లక్షల టన్నుల ముడిచమురు నిల్వ ఉంది, తూర్పు నౌకాదళం మొత్తానికి దారి అదే.

ఆ వందలో నిజమైన మైన్లు ఒకటో రెండో ఉంటాయి. మిగతావి పాత లంగర్లు, టైర్లు, సిమెంటు దిమ్మెలు, తెగిపోయిన వలలు, మునిగిన పడవల ముక్కలు. శాంతికాలంలోనే వీటన్నిటినీ చూసి పటంలో గుర్తు పెట్టుకుని ఉంటే, ఆపద వేళ పాత పటాన్నీ కొత్త పటాన్నీ పక్కపక్కన పెట్టి, కొత్తగా కనిపించిన నాలుగింటి దగ్గరికి మాత్రమే ఆర్‌ఓవీని పంపితే సరిపోతుంది. వంద గంటల పని నాలుగు గంటలకు వస్తుంది. ఏ కొత్త యంత్రం కొన్నా ఇంత ఆదా రాదు. ఓడలకు లోతు చెప్పే పటం దీనికి పనికిరాదు, అందులో మీటరు సైజు వస్తువులు ఉండవు. 2024 ఫిబ్రవరిలో విశాఖలోనే నౌకాదళంలో చేరిన సర్వే నౌక ఐఎన్‌ఎస్ సంధాయక్ మీద సైడ్‌స్కాన్ సోనార్లూ ఉన్నాయి, ఆర్‌ఓవీ కూడా ఉంది. కొత్త నౌకల కోసం ఆగకుండా ఈ పని మొదలుపెట్టవచ్చు.

ఆగితే ఎంతకాలం ఆగాలో మనకు అనుభవమే. రష్యా నుంచి వచ్చిన పాత మైన్‌స్వీపర్లలో ఐఎన్‌ఎస్ కాకినాడ 2017లో, ఆఖరిదైన ఐఎన్‌ఎస్ కోజికోడ్ 2019 ఏప్రిల్‌లో విశ్రాంతి తీసుకున్నాయి. కొరియా సంస్థతో కలిసి గోవా షిప్‌యార్డులో 12 నౌకలు కట్టాలన్న ప్రయత్నం 2018లోనే ఆగిపోయింది. 2025లో వచ్చింది ప్రాథమిక ఆమోదం. దాని తర్వాత టెండర్లు, బేరాలు, ఒప్పందం, నిర్మాణం, పరీక్షలు ఉన్నాయి.

ఇక యంత్రాల సంగతి. ‘తీగ ఎందుకు, రిమోట్‌తో నడపలేరా’ అని చాలామంది అడుగుతారు. ఉప్పునీటిలో రేడియో తరంగాలు దూరం పోవు. శబ్దం పోతుంది కానీ దానితో వీడియో పంపలేం, సాధారణంగా సెకనుకు కొన్ని వేల బిట్లకు మించి దాటదు. మైను పక్కన మందుగుండు పెట్టాలా వద్దా అన్నది మనిషి కళ్లారా చూసి చెప్పాల్సిన మాట. అందుకే తీగ. వెతకడం వరకూ తీగలేని స్వయంచాలిత వాహనం బాగా చేస్తుంది. 2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్ వెళ్తూ 29 మందితో మాయమైన ఏఎన్-32 విమానంలో విశాఖ నౌకాదళ ఆయుధాగారం ఉద్యోగులూ ఉన్నారు. దాని శకలాలు చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతులో ఉన్నట్టు చూపించింది జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్ఐఓటీ) పంపిన అలాంటి వాహనమే. ఆ సంగతి 2024 జనవరిలో బయటికొచ్చింది. దొరికినదాన్ని పట్టుకోవడానికీ, కోయడానికీ, పైకి తేవడానికీ మాత్రం ఆర్‌ఓవీ కావాలి. 1985లో ఐర్లండ్ దగ్గర కూలిన ఎయిరిండియా కనిష్క బ్లాక్‌బాక్సులను సుమారు రెండు వేల మీటర్ల లోతు నుంచి తెచ్చింది ఆర్‌ఓవీ. 2015 జూన్‌లో తమిళనాడు తీరంలో కూలిన కోస్ట్‌గార్డు డోర్నియర్ రికార్డర్లను తీసిందీ అదే. ఆ రికార్డర్ల సంకేతాన్ని మన జలాంతర్గామి సింధుధ్వజ్ పసిగట్టింది. వెయ్యి మీటర్ల దగ్గరలో ఉన్న శకలాల నుంచి వాటిని తెచ్చింది రిలయన్స్ చేతిలో ఉన్న ఒలింపిక్ కానియన్ నౌక. చమురు రంగం దగ్గర ఉన్న పనిమంతులు దేశానికి ఎంత అవసరమో చెప్పడానికి అదొక్కటి చాలు.

తీగతో వచ్చే చిక్కేమిటంటే, యంత్రం కన్నా తీగనే ప్రవాహం ఎక్కువ లాగుతుంది. 15 మిల్లీమీటర్ల మందం ఉన్న తీగ 200 మీటర్లు ప్రవాహానికి అడ్డంగా ఉంటే, ఒక నాటు ప్రవాహంలో దానిమీద పడే లాగుడు సుమారు 50 కిలోలు. అదే రెండు నాట్లయితే వంద కాదు, నాలుగు రెట్లు, రెండు వందల దాకా పోతుంది. చిన్న ఆర్‌ఓవీ ముందుకు తోయగలిగే శక్తే 50 కిలోల చుట్టూ ఉంటుంది. మన తూర్పు తీరం వెంబడి ప్రవాహం నైరుతి రుతుపవనాలకు ముందు ఉత్తరానికి, ఈశాన్య రుతుపవనాల వేళ దక్షిణానికి పోతుంది. బలంగా ఉన్న రోజుల్లో రెండు నాట్ల దాకా ఉంటుంది. ప్రశాంతమైన నీళ్లలో చేసిన ప్రదర్శన చూసి కొన్న యంత్రం భీమిలి ఎదుట అడుగు కదలకుండా నిలబడిపోవచ్చు. టెండరులో ‘వేగం ఇన్ని నాట్లు’ అని రాసి ఊరుకోకుండా, ఎంత తీగ వదిలి, ఎంత ప్రవాహంలో, ఏ లోతులో అన్నది రాయాలి. సీఫాక్స్ లాంటివి ఈ బాధ తప్పించుకునేది, ఫైబర్ చుట్టను తమలోనే పెట్టుకుని పోతూపోతూ వదలడం వల్ల. సన్నని తీగ నీళ్లలో ఉన్నచోటనే ఉండిపోతుంది, యంత్రం దాన్ని ఈడ్చక్కర్లేదు. కానీ సన్నని తీగ తెగుతుంది. 2015 నవంబరులో బాల్టిక్‌లో నార్డ్‌స్ట్రీమ్ గ్యాస్ పైపును తనిఖీ చేస్తుంటే, దాని పక్కనే తీగ తెగి పడి ఉన్న పేలుడు ఆర్‌ఓవీ ఒకటి కనిపించింది. స్వీడన్ సైన్యం వచ్చి దాన్ని నిర్వీర్యం చేయాల్సి వచ్చింది. మన కేజీ బేసిన్‌లో పైపులెన్ని ఉన్నాయో తెలిసినవాళ్లకు ఈ సంఘటన విలువ తెలుస్తుంది.

నడిపేవాడి పనితనం గురించి కూడా రెండు మాటలు. అడుగున మెత్తని బురద ఉంటుంది, గోదావరి, కృష్ణ వరదల తర్వాత మరీను. యంత్రాన్ని నీటికన్నా కొంచెం బరువుగా ఉంచితే, పడిపోకుండా ఉండటానికి నిలువు థ్రస్టరు, అంటే యంత్రాన్ని తోసే పంకా, నీళ్లను కిందికి కొడుతుంది, బురద లేచి కెమెరా ముందు ఏమీ కనపడదు. కొంచెం తేలికగా ఉంచితే థ్రస్టరు నీళ్లను పైకి కొడుతూ యంత్రాన్ని కిందికి అదుముతుంది, బురద లేవదు. లక్ష్యం దగ్గరికి ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా వెళ్లాలి. లేచిన బురదా, వెనకున్న తీగా రెండూ వెనక్కే కొట్టుకుపోతాయి, మైను మీద పడవు. నీళ్లు మురికిగా ఉన్నప్పుడు లైట్లు పెంచితే లారీ హెడ్‌లైట్లు పొగమంచులో కొట్టినట్టే ఉంటుంది. లైట్లు తగ్గించి సోనార్‌ను నమ్మాలి. ఇవి పుస్తకంలో ఒక్క పేజీ, చేతికి అలవాటు కావడానికి మాత్రం వందల గంటలు. చమురు రంగంలో పెద్ద ఆర్‌ఓవీకి 12 గంటల షిఫ్టుకు ముగ్గురిని పెడతారు. తెర ముందు గంటో రెండు గంటలో కూర్చోగానే మనిషిని మారుస్తారు. రోజంతా పని నడవాలంటే ఒక్కో యంత్రానికి కనీసం ఆరుగురు. యంత్రాల సంఖ్య ప్రకటించినప్పుడు ఈ ఆరుగురి సంఖ్య కూడా ప్రకటించాలని మా కోరిక.

యంత్రం పాడయ్యేది ఎక్కడంటే, లోతులో కాదు, ఎక్కువసార్లు నీటి ఉపరితలం దగ్గరే. దింపేటప్పుడు, తీసేటప్పుడు ఓడ ఊగుతుంది, తీగ వదులై ఒక్కసారిగా బిగుసుకుంటుంది, ఆ కుదుపుకు తీగ యంత్రాన్ని కలిసేచోట లోపలి కరెంటు తీగ తెగుతుంది. బయటికి ఏమీ కనపడదు. అందుకే దింపే ప్రతిసారీ ముందు మెగ్గర్ అనే మీటరుతో ఇన్సులేషన్ కొలిచి, అంకె రాసి పెట్టాలి. ఒక్కరోజు అంకెతో తెలిసేది తక్కువ, వారం వారం పడిపోతోందా అన్నదే చూడాలి. రెండో జబ్బు ఓ-రింగులు. 300 మీటర్ల లోతులో చదరపు సెంటీమీటరుకు 30 కిలోల ఒత్తిడి. 20 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న మూత మీద తొమ్మిది టన్నులకు పైనే. ఆ మూతకింద రబ్బరు రింగు మీద ఒక్క వెంట్రుక ఉంటే చాలు, నీళ్లు దారి చూసుకుంటాయి. రింగు తీసి, గాడిని నూలుపోగు రాలని గుడ్డతో తుడిచి, వేలితో సిలికాన్ గ్రీజు పల్చగా రాసి, మూత బిగించాక లోపలి గాలి తీసి, పదిహేను నిమిషాలు గేజీ ముల్లు కదలకుండా ఉందో లేదో చూడాలి. విడిభాగాల ఒప్పందంలో రింగులు, కనెక్టర్లు, థ్రస్టరు సీళ్లు, ఒక మొత్తం తీగ అదనంగా లేకపోతే యంత్రం మొదటి ఏడాదిలోనే షెడ్డుకు చేరుతుంది.

చమురు పనుల ఆర్‌ఓవీలను అద్దెకు తీసుకుని మైన్ల మీదికి పంపవచ్చు కదా అనే మాట కూడా వినిపిస్తోంది. వద్దు. వాటికి పెద్ద ఇనుప భాగాలు, గట్టిగా మోతపెట్టే హైడ్రాలిక్ పంపు ఉంటాయి. మైను వెతికేది సరిగ్గా ఆ రెండింటినే. మునిగిన విమానానికి, చిక్కుకున్న జలాంతర్గామికి అవి ఉత్తమం. మైను దగ్గరికి వెళ్లే యంత్రానికి అయస్కాంత ప్రభావం, చప్పుడు రెండూ తక్కువగా ఉండాలి. దాన్ని వదిలే పడవ కూడా ఫైబర్‌గ్లాస్‌ది అయితే మంచిది. కొత్త నౌకలు వచ్చేదాకా, ఒక కంటెయినర్‌లో పట్టే సోనార్, ఫైబర్ తీగతో నడిచే చిన్న ఆర్‌ఓవీలు, అదనపు బ్యాటరీలు సర్ది, ఒక్కో రేవుకు ఒక సెట్ చొప్పున ఉంచడం సాధ్యమే. మైన్ లేని రోజుల్లో అదే సెట్‌తో పటం పని చేయవచ్చు.

ఇక అన్నిటికన్నా చవకైన సాయం. సముద్రం అడుగున ఎక్కడేముందో మన మత్స్యకారులకు తెలిసినంత మరెవరికీ తెలియదు. వల ఎక్కడ తగులుకుంటుందో ప్రతి మరబోటు సరంగు జీపీఎస్‌లో గుర్తు పెట్టుకుంటాడు, మళ్లీ అటు పోకుండా. విశాఖ ఫిషింగ్ హార్బరు, కాకినాడ, నిజాంపట్నం బోట్ల నుంచి ఆ గుర్తులన్నీ అడిగి తీసుకుంటే సర్వే నౌకకు సగం దారి చూపినట్టే. ఒక్క జాగ్రత్త ఉంది. సరంగు బటన్ నొక్కేది బోటు ఉన్నచోట, వల ఉన్నచోట కాదు. ముప్పై మీటర్ల లోతులో ట్రాల్ వల లాగే తాడు దానికి మూడు నాలుగు రెట్లు వదులుతారు కాబట్టి, అసలు వస్తువు బోటుకు సుమారు వంద మీటర్లు వెనక ఉంటుంది. గుర్తుతోపాటు బోటు ఏ దిక్కుకు పోతోంది, తాడు ఎంత వదిలారు అన్న రెండు విషయాలు రాసుకుంటే తప్పును సరిదిద్దవచ్చు. వలల ప్రమాదం తేలిక విషయం కాదు. 2005 ఆగస్టులో కమ్చాత్కా తీరంలో రష్యా చిన్న జలాంతర్గామి ఏఎస్-28 సుమారు 190 మీటర్ల లోతులో వలల్లో, తీగల్లో చిక్కుకుని ఏడుగురు మూడు రోజులు లోపలే ఉండిపోయారు. బ్రిటన్ విమానంలో తెచ్చిన స్కార్పియో 45 ఆర్‌ఓవీ ఆ తీగలను కోశాకే అది పైకి తేలింది. పదిరూపాయల నైలాన్ దారం థ్రస్టరుకు చుట్టుకుంటే కోట్ల ఖరీదు చేసే యంత్రానికీ అదే గతి.

సర్వేకు మంచి సమయం కూడా మన తీరానికి కేలండరులోనే ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేటకు నిషేధం. వలలు ఉండవు, నదుల వరద ఇంకా రాదు, నీళ్లు కాస్త తేటగా ఉంటాయి. అప్పటి ప్రవాహం బలంగానే ఉంటుంది, దానికి తగ్గ యంత్రాన్నే వాడాలి. ఈ రెండు నెలలు పనిలేకుండా ఉండే సరంగులను రోజుకూలి ఇచ్చి సర్వే పడవల మీద తీసుకోవచ్చు. తుపానుల తర్వాత అడుగు ఇసుక కదిలి కొన్ని వస్తువులు పూడుకుపోతాయి, కొన్ని బయటపడతాయి కాబట్టి జనవరిలో ముఖ్యమైన దారులను మాత్రం మళ్లీ ఒకసారి చూడాలి. గుర్తులు ఇచ్చిన బోట్ల పేర్లు బయటపెట్టకూడదు. నిషేధిత ప్రాంతంలో వేటాడారని వాటి ఆధారంగా కేసులు పెట్టబోమని మత్స్యశాఖ రాతపూర్వకంగా చెప్పాలి, లేకపోతే ఒక్క సరంగు కూడా నిజమైన గుర్తు ఇవ్వడు. సర్వేలో తెగిన వలకు పరిహారం ఎవరిస్తారో, ఎన్ని రోజుల్లో ఇస్తారో ముందే తేల్చాలి.

ఇట్లు,
సముద్రగర్భ యంత్రాల నిర్వహణలో పనిచేస్తున్న కొందరు,
విశాఖపట్నం